నువ్వు పంపిన మాత్రలు

గుంటూరు, మంగళవారం

దీనక్కకు తమ్ముడు యేసుపాదం వందనాలు. ఫోన్‌లో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను. శనివారం హెర్నియా ఆపరేషన్ అయిపోయింది. లేచి నడుస్తున్నాను.

గాయం చీము పట్టకుండా మింగమని ఆర్‌ఎంపీ దగ్గర కొని నువ్వు పంపిన మాత్రలు అందాయి. ఇక్కడేమో ఆపరేషన్‌కి ముందు ఒక్క ఇంజెక్షన్ చేసి ఊరుకున్నారు. నాకూ భయమేసి నిన్న చాటుగా మింగబోతుంటే నర్సు జాస్మిన్ పట్టుకుంది. నల్లపాడు పిల్ల, వాళ్లదీ సేద్యమే.

"బాబాయ్, తెగులు రాకుండా గింజలకి మందు పట్టించే విత్తనశుద్ధి ఎప్పుడు చేస్తారు?" అంది.

"విత్తే ముందు."

"ఇదీ అంతేగా! కొయ్యబోయే ముందే మందు ఇచ్చేశాం. మీ గాయానికి అది చాలు. ఊరికే మింగితే రేపు నిజంగా అవసరమైనప్పుడు పనిచెయ్యదు" అని కసిరింది. నలభై ఏళ్లుగా మిరప వేస్తున్నవాణ్ని, మాత్రలు ఆ పిల్ల చేతిలో పెట్టేశాను.

కల్లంలో కాయలు తిరగేయిస్తున్నావా? మంచు పడకముందే పట్టా కప్పించు. నెల్లాళ్లు నేను బరువులెత్తకూడదట, బస్తాలకి మనుషుల్ని చూడు. నా రబ్బరు చెప్పులు ఎవరిచేతనైనా పంపు. గాయానికి పెట్టమని పసుపు మాత్రం పంపకు.

కోపం లేదక్కా. అమ్మకి ఆపరేషన్ గాయం చీము పట్టినప్పటి వాసన నువ్వూ మర్చిపోలేదు, నేనూ మర్చిపోలేదు. పొద్దున నా కట్టు విప్పుతుంటే ఊపిరి బిగబట్టాను. తర్వాత మెల్లగా పీల్చి చూశాను. ఏ వాసనా లేదు.

ప్రభువు నిన్ను కాచునుగాక. ఇవాళైనా కంటినిండా నిద్రపో.