పోగులో తప్పు లేదు

పటమట, బెజవాడ
18-8-1946

నాన్నగారికి రామలింగం నమస్కారాలు. నేను కులాసా.

లెక్చరర్ గారు నన్ను కోప్పడ్డారని పోయిన కార్డులో రాస్తే అమ్మ అన్నం సరిగా తినడం లేదట. ఇక దిగులక్కర్లేదు. గాజు బుడ్డిలో వెంట్రుక కన్నా సన్నని గాజుపోగుకు చిన్న అద్దం అతికి వేలాడదీశానని రాశాను గదా. పంపుతో గాలి లాగేసినా ఆ అద్దం వణుకుతూనే ఉంది. "నీకు పోగు అతకడం చేతకాలేదు, లేదా రైళ్ల అదురు" అన్నారాయన. మూడు రోజులు రైళ్ల వేళలు రాసుకుని చూశాను. రైలున్నా లేకున్నా వణుకు ఒకటే. "లోపల మిగిలిన కాస్త గాలే అద్దాన్ని అటూ ఇటూ తోస్తోందండీ" అన్నాను. ఆయన నవ్వారు. బుడ్డి గోడలకు పట్టిన గాలి కూడా వదిలేలా వెచ్చబెడుతూ నాలుగు రోజులు పంపు ఆడించాను. గాలి పలచబడే కొద్దీ ఆ గిజగిజ తగ్గి, అద్దం నిదానంగా ఊగసాగింది.

నిన్న ఆయనే క్లాసందరినీ పిలిచి చూపించారు. "పోగులో తప్పు లేదు, తప్పు నాదే. నేతవారి చెయ్యి మరి!" అన్నారు. తెగిన పోగు అతకడం మీరు నేర్పిందేనని అందరి ముందూ చెప్పాను. పై చదువుకు మద్రాసు పంపే కాగితంలో నా పేరే ముందు రాశారు.

వానలకు మగ్గం గుంటలో నీరు ఊరిందా? చెల్లి సుబ్బరత్నానికి దగ్గు తగ్గిందా? పామర్రు నుంచి ఎవరైనా వస్తుంటే ఒక దుప్పటి, గోంగూర పచ్చడి పంపండి. రావమ్మ అత్తకు దణ్ణాలు, చెల్లికి దీవెనలు.

ఈ కార్డు అమ్మకు వీధి అరుగు మీద కూర్చుని బిగ్గరగా చదివి వినిపించండి.

మీ రామలింగం