రోడ్డు దాకా చీర డోలీ

మామా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదు. అయినా చెప్పకుండా ఉండలేను.

ఆపదలో ఏం చేయాలో ఊరి ఆడవాళ్లకు నేర్పడానికి అనంతపురం నుంచి ఒక నర్సమ్మ మన బడికి వచ్చింది. రెండు కర్రలకు పాత చీర చుట్టి, జీపు కోసం కాచుకోకుండా మనిషిని రోడ్డు దాకా మోసుకుపోవడం చూపించింది. నిరుడు నీకు గుండెనొప్పి వచ్చినప్పుడు మాకిది తెలియదు. జీపు కోసం కాచుకుంటూనే నిన్ను పోగొట్టుకున్నాం.

రోగిగా నన్ను పడుకోమన్నారు. పొద్దున్నుంచి వేరుశనగ పీకి అలసిపోయానేమో, చీరలో నిద్రపోయాను. ఆడవాళ్లు నన్ను మోస్తూ మన వీధిలోకి రాగానే, సంగతి తెలియని మీ అమ్మ గుండెలు బాదుకుంది.

"నా కొడుకు పోయినాడు, నువ్వూ పోతాండావా? నీ మాదిరి రాగిముద్ద చేసేదెవరే?"

ఆ అరుపుకు మెలకువ వచ్చింది. కాపురానికొచ్చాక అత్త నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఇంకేమంటుందోనని కళ్లు మూసుకునే ఉన్నాను. చివరికి నవ్వొచ్చింది.

"బతికే ఉండావా? అయితే దిగు. నన్ను మోయండి, సూస్తా," అంటూ ఆమె చీరలో పడుకుంది.

దారంతా మమ్మల్ని తిడుతూనే ఉంది. రోడ్డు చేరాక దిగి, కొంగు సర్దుకుంది.

"వాడు నాకన్నా సన్నం. మోసేటోళ్లమే," అనింది.

ఇంటికి ఇద్దరం నడిచే వచ్చాం, మామా.