మీ బావ చేతిలోంచి లాక్కున్న కర్ర

తమ్ముడు డెల్మర్‌కు,

ప్రార్థన చేస్తే కోపం దిగుతుందనుకున్నాను. దిగలేదు, అందుకే కలం పట్టాను.

పక్షవాతం వచ్చాక మీ బావ గంటర్స్‌విల్ సరస్సుకి రావడం మొన్ననే మొదలు. పట్టు తప్పిన ఆ చేతికి మెత్తని గాలపు కర్ర నేనే ఏరి ఇచ్చాను. కొక్కేలు వేలాడే చెక్కచేప ఎరకి అలాంటిదే కావాలి; బాస్ చేప గుంజితే కర్ర వంగి, కొక్కెం ఊడకుండా కాస్తుంది. నువ్వు అందరి ముందూ దాన్ని లాక్కుని, "ఇది ఆడవాళ్ల కర్ర బావా, మగాడిలా పట్టు" అని నీ బిరుసు కర్ర చేతిలో పెట్టావు. నేను వద్దంటే, "అక్కా, నువ్వెళ్లి శాండ్‌విచ్‌ల సంగతి చూడు" అన్నావు.

పెద్ద చేపే పడింది. కర్ర వంగలేదు, కొక్కెం దాని నోరు చీల్చుకుని వచ్చేసింది. "చేప నీకంటే హుషారు బావా" అన్నావు. అందరూ నవ్వారు, మీ బావ కూడా నవ్వాడు. ఇంటికొచ్చాక, "ఇక మన పడవ అమ్మెయ్" అన్నాడు.

నేను అమ్మను. నీ బండిలోనే ఉండిపోయిన ఆ మెత్తని కర్ర తీసుకుని శనివారం రా. నోరు మూసుకుని, గాలానికి పడ్డ చేపని అందుకునే వల పట్టుకో. చేప పడ్డాక కర్ర ఊసెత్తకు, అది మీ బావ గొప్పే అను.

ఈ కాగితం పారేయకు, ఎవరికీ చూపించకు. నోరు దురద పెట్టినప్పుడల్లా తీసి చదువుకో.

మీ అక్క