ఖాళీ లారీ ఎత్తు

బావగారికి నమస్కారాలు.

అక్కడ లోడు దొరికిందా? ఇక్కడ మీ లారీ నడుస్తోంది. ముందు ఆ మాట గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

పొద్దున టైల్స్ లోడుతో రైలు వంతెన కింద నుంచి హాయిగా వెళ్లాను. సరుకు దింపేసి అదే దారిన వస్తుంటే లారీ డబ్బా పైకప్పు వంతెన కింద ఇరుక్కుపోయింది. ఖాళీ బండికి చక్రాల మీది కమానులు, అదే స్ప్రింగులు, లేచి ఎత్తు పెరుగుతుందని మీరు లక్షసార్లు చెప్పారు. లక్షా ఒకటోసారి వంతెన చెప్పింది.

జనం వినోదం చూడ్డానికి మూగారు. ట్రాఫిక్ పోలీసాయన కేసు పుస్తకం తీశాడు. "చూసేదేదో లోపలెక్కి చూడండి, బాబూ!" అన్నాను. నిజంగానే నలభై మంది ఎక్కారు. బండి కుంగింది గానీ ఇంకా వేలెడు చాల్లేదు. పోలీసాయన భారీ మనిషి. "సార్, మీరూ ఓ చెయ్యి వేయండి. చెయ్యంటే మొత్తం మీరే" అని బతిమాలాను. ఆయన ఎక్కి కూర్చోగానే డబ్బా కిర్రుమని వంతెనని వదిలింది. మెల్లగా వెనక్కి తీశాను.

దిగాక ఆయన, "సరుకు బండిలో మనుషుల్ని ఎక్కిస్తావా? కేసు!" అన్నాడు.

"రాయండి సార్. నలభై ఒకటో మనిషి పేరు కూడా రాయండి" అన్నాను. పుస్తకం మూసేశాడు.

ఇంకొక్క గీత పడితే బండి దిగిపోమన్నారు మీరు. ఇది గీత కాదు బావగారూ, సొట్ట. వంతెన మీదికెక్కి చూస్తే తప్ప కనబడదు. నోరు మూసుకుందును గానీ, ఆ జనంలో అందరికంటే ముందు ఎక్కింది మీ అమ్మగారు.

"మళ్లీ ఎప్పుడు ఇరికిస్తావయ్యా?" అని ఇప్పటికి రెండుసార్లు అడిగారు.

మీ బావమరిది