పాత స్టాకు

సెప్టెంబర్ 12, శుక్రవారం

రేపు కుట్టుమిషన్ కొందామన్నారు మా ఆయన. అత్తమ్మ ఒప్పుకోలేదు. మహాలయ పక్షాల్లో కొత్త వస్తువు ఇంట్లోకి తెస్తే పెద్దోళ్లకు కోపమొస్తాదంట. అమావాస్య దాటనీ అన్నది. అంతదాకా దుడ్లు చేతిలో నిలుస్తాయా, మన అంగట్లోకి సరుకు తేవద్దా అని ఆయన గొణిగారు. నాకూ ఒక మాట అనాలని ఉండింది. మా ఊరోళ్లు జాకెట్లన్నీ పుత్తూరులోనే కుట్టించుకుంటున్నారు అని.

సెప్టెంబర్ 14

జీఎస్టీ టాక్స్ తగ్గేది సబ్బులకూ తలనూనెకూ మాత్రమే అనుకున్నాము. కుట్టుమిషన్లకూ తగ్గుతుందట! ఇరవై రెండో తేదీ నుంచి. అంటే అమావాస్య మరునాడే! సూసినారా, మా పెద్దోళ్లకు గవర్మెంటు కన్నా ముందే తెలుసు అని అత్తమ్మ ఒకటే నవ్వు.

సెప్టెంబర్ 21

అమావాస్య. పెద్దలకు పెట్టాము. వడలు మాడ్చాను. ధ్యాసంతా మిషన్ మీదే.

సెప్టెంబర్ 22, పొద్దున

అంగడి తలుపు తీయకముందే జనం. ఎదురింటి ఎస్తేరక్క సబ్బు పట్టుకుని కొత్త రేటు అడిగింది. పాత స్టాకక్కా, పాత టాక్స్ కట్టి తెచ్చినాను, నేను యాడికి పోయేది అన్నారు ఆయన. టీవీలో ఒక రేటు, నీ అంగట్లో ఒక రేటా మునికృష్ణా, నీకు వేరే గవర్మెంటు ఉండాదా అని ఆమె సబ్బు అక్కడే పెట్టేసి పోయింది. ఆమె వెనకే అందరూ పోయారు. నేను బియ్యం మూటల వెనకే నిలబడ్డాను.

అదే రోజు, సాయంత్రం

మిషన్ వచ్చింది! వచ్చేసింది!

పుత్తూరులో మిషన్ల అంగడాయన పాత రేటే చెప్పాడు. ఏమప్పా అంటే, పాత స్టాకు సామీ అన్నాడు. పొద్దున మా ఆయన ఎస్తేరక్కతో అన్న మాటే! ఈయన ఏమని అడుగుతారు? ఇంక వెనక్కి తిరగబోతుంటే నా నోట్లోంచి మాట వచ్చేసింది. అన్నా, మా అంగట్లో పాత స్టాకుకూ కొత్త రేటే అన్నాను. అంతమందిలో! అంగడాయన నన్ను చూశాడు, ఈయన్ను చూశాడు. మూగదనుకుంటినే అని నవ్వి తగ్గించాడు.

ఆటోలో ఈయన మిషన్ పెట్టె పట్టుకుని కూర్చున్నారు. తర్వాత మెల్లిగా, మనం ఎప్పుడు తగ్గించినాము మే అన్నారు.

రేపు పొద్దున అన్నాను.

నష్టం ఎవరిది అన్నారు. పొద్దున ఎస్తేరక్క పెట్టేసి పోయిన సబ్బు ఎవరిది అన్నాను. ఈయన నవ్విన నవ్వుకు ఆటో అబ్బాయి వెనక్కి తిరిగి చూశాడు.

సెప్టెంబర్ 23

పెట్టె ఇంకా విప్పలేదు. దాని మీదే కూర్చుని కొత్త రేటుకు సబ్బులు అమ్ముతున్నాను.