కూర్చునే ఇరవై ఆరు వేల అడుగులు

ఆరోగ్య బీమా కంపెనీ క్లెయిముల ఆఫీసరు గారికి, ఇస్త్రీ కొట్టు ఆమె కొడుకు రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మా అమ్మ నడవలేకపోవుటను తమరు నమ్ముట గురించి.

నిన్న తమరు ఆఫీసులో అందరి ముందూ "అయితే మోకాలి ఆపరేషన్ నువ్వే చేయించుకో" అన్నారు. జవాబు ఇంటికొచ్చాక తట్టింది, అందుకే రాస్తున్నాను. నా మోకాళ్ళు భేషుగ్గా ఉన్నాయి. అరిగిపోయినవి మా అమ్మవి. పన్నెండో తారీఖున ఆపరేషనని డాక్టరమ్మ రాసిచ్చింది. తమ అనుమతి కాగితం రాకపోతే ఆ రోజు ఇంకొకరికి పోతుంది, మళ్ళీ ఎనిమిది నెలలు ఆగాలి. అన్నాళ్ళు ఆగితే ఆ కాలు ఇక చాపడానికి కూడా రాదట.

1. పాలసీతో పాటు చేతికి పెట్టుకునే బ్యాండు పంపింది తమ కంపెనీయే. తీస్తే పాలసీ చెల్లదన్నారు కనుక అమ్మ దాన్ని స్నానానికి కూడా తియ్యలేదు. పొద్దున ఆరింటి నుంచి ఎత్తు స్టూలు మీద కూర్చుని కుడిచేత్తో ఇస్త్రీపెట్టె ముందుకీ వెనక్కీ తోస్తుంది. బ్యాండు ఉన్నది ఆ చేతికే. ఒక్కో తోపు ఒక్కో అడుగని అది రాసుకుంది. చొక్కాకి నూట పది, దుప్పటికి మూడొందలు. రోజుకి ఇరవై ఆరు వేలు. అవి చూసే తమరు అనుమతి ఆపారు. కొట్టు నుంచి లోపలి గదికి నిజంగా ఉన్నవి ఆరడుగులు, ఆ ఆరూ నా భుజం పట్టుకునే వేస్తుంది.

2. తమకు రుజువు చూపుటకై మొన్న ఒక్కరోజుకి అమ్మని ఒప్పించి ఆ బ్యాండు నేను పెట్టుకుని, బట్టలు ఇచ్చిరావడానికి ఊరంతా తిరిగాను. మూట రెండు చేతులతో గుండెకి హత్తుకుని నడిచాను కాబట్టి చెయ్యి ఊగలేదు. సాయంత్రానికి నలభై అడుగులు. అవి కూడా దోమల్ని కొట్టుకున్నవి. అది చూపిస్తేనే, నడవలేనివాడివి నువ్వేనని తమరు నిన్న ఆ మాట అన్నది.

3. నెలలో అందరికంటే ఎక్కువ నడిచిందని తమ కంపెనీ అమ్మకి పరుగు బూట్లు బహుమతి పంపింది. అమ్మ కళ్ళకద్దుకుంది. తొడుక్కోవాలంటే మోకాలు మడవాలి, కనుక బల్ల మీద పెట్టుకుంది. తిరిగి ఇమ్మంటే ఇచ్చేస్తాం.

4. ఇక ఆ ఫోను రికార్డు. నిన్న వినిపించి, మీ అమ్మ గొంతేనా అన్నారు. గొంతు అమ్మదే, మాటలూ అమ్మవే, అర్థం మాత్రం తమది. తమ ఆఫీసు అమ్మాయి ఫోన్ చేసి "ఎలా నడుస్తోందమ్మా?" అని అడిగింది. అమ్మ కొట్టు గురించి అనుకుంది.

"మీ దయ వల్ల బాగానే నడుస్తోంది తల్లీ. ఆదివారం ఒక్కరోజే నడవదు. మావాడు బయటికి పోయినా ఆగదు, దాని పాటికది నడుస్తూనే ఉంటుంది."

ఇరవై ఏళ్ళుగా ఎవరు అడిగినా అమ్మ జవాబు ఇదే. నడుస్తోంది అన్నది కాలేనని తమ వాదన. కాలు ఆదివారం సెలవు తీసుకుంటుందా అండీ? బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టేవాళ్ళ గురించి విన్నాను గానీ, ఇస్త్రీ కొట్టుకీ మోకాలికీ పెట్టినవాళ్ళని తమ దగ్గరే చూశాను.

కావున ఆ మాటలు కొట్టువిగానూ, అడుగులు ఇస్త్రీపెట్టెవిగానూ, మోకాళ్ళు మా అమ్మవిగానూ వేరుచేసి, పన్నెండో తారీఖు లోపల అనుమతి ఇప్పించ ప్రార్థన. చిత్తగించి, కోపగించక, సంతకం పెట్టవలెను.

తమ విధేయుడు,
ఇస్త్రీ కొట్టు ఆమె కొడుకు

తా.క.: దీన్ని మడవబోతుండగా తమ ఆఫీసు మనిషి కొట్టుకొచ్చాడు. అమ్మ నడుస్తుందో లేదో కళ్ళారా చూసి రాసుకుపోతాడట. కలం మూత కూడా తీసేశాడు. కదలొద్దని సైగ చేస్తున్నా అమ్మ చూడటం లేదు. పెద్ద ఆఫీసు నుంచి మనిషొస్తే కూర్చుని మాట్లాడటం మర్యాద కాదంటోంది. బల్ల పట్టుకుని లేస్తోంది. అతనికి కుర్చీ వెయ్యాలని పళ్ళ బిగువున రెండడుగులు వేసిందంటే అతను రాసేది ఆ రెండే. నేను వెళ్ళాలండీ