సోమవారం దాకా సుజాత గొంతు

వర్తూరు, శనివారం రాత్రి

సోమవారం దాకా విని చూడమని షాపువాళ్లిచ్చిన చిన్న టవర్ స్పీకర్లను సాయంత్రం గోడకు కాస్త ఎడంగా నిలబెట్టి, గొంతు ఆపరేషన్‌కు ముందు నా భార్య సుజాత పాడిన పాట రికార్డింగు పెట్టాను. కళ్లు మూసుకుంటే స్పీకర్లు మాయమయ్యాయి. పల్లవికి ముందు తను తీసుకున్న ఊపిరి కూడా వినిపించింది. బేస్ కాస్త తక్కువే అనుకుంటుండగా, కింది నుంచి ఇంటి ఓనరు మునిరెడ్డిగారు కేకేశారు.

“ఏమప్పా, సుజాతమ్మ మళ్లా పాడతా ఉండాది! గొంతు బాగయిపోయిండాదే!”

నేను జవాబు చెప్పేలోగా వంటింటి గుమ్మంలో సుజాత కనిపించింది. పాట ఆపమంటుందనుకున్నాను. గొంతు మీద చెయ్యి వేసుకుని, ఊపిరిలాంటి మాటతో అంది.

“స్పీకర్లని ఆయనకి చెప్పకండి.”

చెప్పలేదు. సోమవారం వీటిని తిరిగిచ్చేశాక సుజాత పాట వినబడట్లేదేమని ఆయన అడిగితే…